యోనాకు నేను చెప్పిన తెలుగు

ఇంగ్లీషు బాగా వచ్చని నలుగురిలో చెప్పుకునే అలవాటు మీకుంటే ఇది కొంచెం భయపడుతూ చదవండి. లేకపోతే కాళ్లు చాపుకుని హాయిగా చదవండి. ఎందుకంటే ఒక ఆదివారం మధ్యాహ్నం, బోధన్‌లో మా చర్చి పక్కనున్న హాల్లో, మా సంఘం మొత్తం చూస్తుండగా, నేను ఒక ప్రవక్త జీవితాన్ని తలకిందులు చేసేశాను. చాటుగా కాదు, మైకులో. పైగా చాలా బాగా చేశానని మురిసిపోయాను కూడా.

ముందు నా గొప్పతనం సంగతి చెప్పాలి. అప్పుడు నేను బీఎడ్ ముగించుకుని వచ్చి మా ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరాను. హైదరాబాద్ హాస్టల్లో ఉండి వచ్చినదాన్ని కాబట్టి మా వీధిలో ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. మందు సీసా మీద రాసింది కూడా నేనే చదివిపెట్టాలి. ఇట్లా పది మంది అడుగుతుంటే ఏ మనిషికైనా తల కొంచెం బరువెక్కుతుంది. నాది పొద్దుతిరుగుడు పువ్వు తలంత అయింది.

హాస్టల్లో నా గదిలో ఒక గోవా అమ్మాయి ఉండేది. ఆమె పొద్దున లేస్తే ఒక రాక్ మ్యూజికల్ పాటలు పెట్టేది. రాక్ మ్యూజికల్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. మన చిందు భాగవతానికి కరెంటు గిటార్లూ డ్రమ్ములూ తగిలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. మాటలుండవు, అంతా పాటే. ఆ నాటకం యోనా ప్రవక్త కథ. దేవుడు నీనెవె పట్టణానికి వెళ్లి బోధించమంటే, యోనా వెళ్లనని ఓడెక్కి వేరే దిక్కున ఉన్న తర్షీషుకు పారిపోతాడు. సముద్రంలో తుఫాను వస్తుంది, పెద్ద చేప మింగుతుంది, ఆఖరికి ఒడ్డున కక్కుతుంది. మా ఇంట్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన కథ.

ఆ పాటలంటే నాకు ప్రాణం. బట్టలుతుకుతూ పాడేదాన్ని, బస్సులో పాడేదాన్ని, పరీక్ష హాల్లో పెదవులు కదలకుండా పాడేదాన్ని. అన్నీ నోటికొచ్చు. నోటికొచ్చిన పాట అర్థమైనట్టే అనుకునే వయసు అది. నేను గొంతెత్తి పాడేదాంట్లో సగం మాటలు ఏమిటో ఏనాడూ ఆగి చూసుకోలేదు.

ఇక మా సంఘం సంగతి. చర్చిలో పాటల బాధ్యత మా బాపుది. తను పనిచేసే చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బాపు నీళ్ల మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని హార్మోనియం ముందు కూర్చుంటాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ హార్మోనియం ముందు వేరే మనిషిని చూడలేదు. ఇంతలో హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఒక కుటుంబం మా చర్చికి డ్రమ్ సెట్ ఒకటి కానుకగా ఇచ్చింది. మా యువజనులకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఈస్టర్ పండక్కి డ్రమ్ములతో పాడాలని నేనూ, నా స్నేహితురాలు కరుణా కలలు కన్నాం. కరుణ బ్యాంకులో పనిచేస్తుంది, ఏదైనా నెమ్మదిగా ఆలోచించి మాట్లాడే మనిషి. నేను దానికి పూర్తిగా తలకిందులు.

డ్రమ్ములు మాత్రం చాపలు పెట్టే గదిలో తాళం లోపల ఉండిపోయాయి. బాపు వద్దని ఎప్పుడూ అనలేదు. నేను అడిగినప్పుడల్లా "సూద్దాం" అనేవాడు. బాపు సూద్దాం అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ ఫ్రిజ్ అడిగినప్పుడు కూడా సూద్దాం అన్నాడు. అది వచ్చేసరికి మా అమ్మకు చల్లనీళ్లు పడని వయసొచ్చింది.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఫోన్‌లో ఒక వార్త కనబడింది. నా ప్రాణమైన ఆ నాటకాన్ని స్టేజీ మీద ఆడుతుండగా మొత్తం వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారట, అద్దెకు తీసుకుని ఎవరైనా చూడొచ్చట. చదివిన క్షణంలోనే నా పొద్దుతిరుగుడు తలలో ఆలోచన మెరిసింది. సంఘమంతటినీ కూర్చోబెట్టి ఇది చూపిస్తే, డ్రమ్ములతో కూడా భక్తి పుడుతుందని బాపు కళ్లారా చూస్తాడు. తాళం తెరుచుకుంటుంది.

మర్నాడే పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన మా ఊరికి కొత్తగా వచ్చిన మెత్తటి మనిషి. అంతా బైబిలు కథే, ఒక్క మాట బయటిది లేదు, చంటిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ చూడదగింది అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"నువ్వు సూసినవా అమ్మా?"

"ఎన్నిసార్లో అయ్యగారూ."

పాఠకులారా, విన్నాను అని చెప్పాల్సిన చోట చూశాను అన్నాను. చెవులకూ కళ్లకూ మధ్య జానెడు కూడా దూరం లేదు కదా అనుకున్నాను. మనం ముందుగా ఒకసారి చూసుకుందామని కరుణ అడిగింది. అందరితో కలిసి మొదటిసారి చూస్తే వచ్చే ఆనందం వేరని ఆమెకు చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

ఇంట్లో అసలైన అడ్డు మా అవ్వ దగ్గర వచ్చింది. అవ్వ అంటే బాపు వాళ్లమ్మ. చర్చిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పి చెప్పి ముసలైన మనిషి. మా ఊళ్లో మీసాలొచ్చిన మగవాళ్లు చాలామంది ఆమె చేత చెవి మెలేయించుకున్నవాళ్లే. అంతా ఇంగ్లీషులో పాడితే మాకేం సమజైతదని అవ్వ అడిగింది. నేను మైకు పట్టుకుని వెంటవెంటనే తెలుగులో చెబుతానన్నాను. అవ్వ నా తల నిమిరింది. బాపు పేపరు మీదుగా నన్ను చూసి, మళ్లీ పేపరులోకి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాలు చేసి జనం హాలుకు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్లు కోటగిరి నుంచీ వర్ని నుంచీ కూడా మావాళ్లు వచ్చారు. మా పక్కింటి గంగమణక్క చర్చికి వచ్చే మనిషి కాదు, బీడీలు చేస్తుంది. అయినా సినిమా అనగానే బీడీల చాట ఇంట్లో పెట్టేసి ముందు వరుసలో మా అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. వెలుతురు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టాం. మా బడి నుంచి తెచ్చిన ప్రొజెక్టర్ వెనక బల్ల మీద పెట్టి, కరుణ లాప్‌టాప్ ముందు కూర్చుంది. గోడకు తెల్లటి దుప్పటి కట్టాం. హాల్లో ఉన్నది ఒకే ఒక్క స్పీకర్ డబ్బా, నా భుజమంత ఎత్తుంటుంది. దాన్ని తెర పక్కనే నిలబెట్టాం. మైకు తీగ పొట్టిది కావడంతో నేను ఆ డబ్బా వెనకాల గోడకు ఆనించి కుర్చీ వేసుకున్నాను. అక్కడి నుంచి నాకు జనమూ, తెర పైసగమూ బాగానే కనబడేవి. కింద సగానికి డబ్బా అడ్డం. పైసగంలో మొహాలుంటాయి కదా, చాలు అనుకున్నాను.

అందరూ ఫోన్లు ఆపేయాలని మైకులో ఆజ్ఞాపించాను. నాది నేనే ముందు ఆపాను.

మొదలు బాగానే జరిగింది. చీకటి స్టేజీ, దూరంగా ఒక గొంతు యోనాను పేరు పెట్టి పిలుస్తుంది. "యోనా, లెమ్ము, నీనెవె మహాపట్టణమునకు వెళ్లుము" అని నేను బైబిలు తెలుగులో గంభీరంగా చెప్పాను. అవ్వ కళ్లు మూసుకుని తల ఊపుతోంది. నా గొంతు నాకే ఎంత నచ్చిందో చెప్పలేను.

అప్పుడు యోనా వచ్చాడు. నలుపు తోలు జాకెట్టు, నల్లకళ్లద్దాలు, భుజాల దాకా జుట్టు. మా బస్టాండు దగ్గర కొత్త బండి కొన్న మనిషి టీ తాగడానికి వచ్చినట్టు వచ్చాడు. వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఈ కాలం వాళ్లకు అర్థం కావాలని ఈ కాలపు బట్టలు వేశారని సర్దిచెప్పాను. బాపు కాలు మీద కాలు తీసి కింద పెట్టాడు.

యోనా పాట అందుకున్నాడు. నేను హాస్టల్లో బట్టలుతుకుతూ పాడిన పాట. వెయ్యిసార్లు పాడినదాన్ని మొదటిసారి అర్థం చేసుకుంటూ విన్నాను. ఆ మనిషి పైకి చూసి, నేరుగా దేవుడితోనే అంటున్నాడు: నా వెంట పడకు, నీ పనికి ఇంకొకర్ని వెతుక్కో, నన్ను నా మానాన వదిలెయ్. మధ్యలో ఇంకా రెండు మాటలున్నాయి, అవి మీకు కూడా చెప్పను.

ముందు వరుసలో బాపు. ఆయన పక్కన పాస్టరుగారు. ఆ పక్కన కోటగిరి నుంచి వచ్చిన పెద్దలు. చాపల గదిలో తాళం వెనక డ్రమ్ములు. ఇవన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకుంది.

"ప్రభువా, నీ చిత్తమే నా భాగ్యము, నన్ను పంపుము అని యోనా ప్రార్థన చేయుచున్నాడు."

తెర మీద యోనా ఆకాశం వైపు పిడికిలి ఊపాడు.

"పిడికిలి బిగించి ప్రమాణము చేయుచున్నాడు" అన్నాను.

హాల్లో ఏదో కలకలం. ఎవరో గట్టిగా దగ్గారు, ఇంకెవరో ముక్కులో నుంచి శబ్దం చేశారు. బాపు కుర్చీలో సగం లేచి, వెనక్కి తిరిగి, జనం వైపు అరచెయ్యి చూపించి, మళ్లీ కూర్చున్నాడు. భక్తి భంగం కాకుండా జనాన్ని ఊరుకోబెడుతున్నాడని నాకు గర్వమేసింది. బాపు మెత్తబడుతున్నాడని కూడా అనుకున్నాను.

ఒక్క అబద్ధంతో గండం గడిచిందనుకునేంత అమాయకురాలిని అప్పుడు. స్టేజీ మీద ఎర్రలైట్లు వెలిగాయి. యొప్పే రేవు. ఓడ కోసం వచ్చిన యోనా కల్లు దుకాణంలాంటి చోటికి చేరాడు. ఈకల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ ఆడుతున్నారు. నాకు నడుము పైన మాత్రమే కనబడుతున్నందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. కింద ఏముందో హాలంతటికీ కనబడుతోందన్న సంగతి తట్టలేదు.

"యోనాను సాగనంపడానికి దేవదూతలు వచ్చారు" అన్నాను.

గంగమణక్క మెడ సాచి తెర వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది.

"దేవదూతలు తాగుతరా సువార్తా?"

సువార్త అంటే నేనే. అవ్వ పెట్టిన పేరు. చూస్తే నిజంగానే ఒక దేవదూత గ్లాసెత్తి గటగటా తాగుతోంది.

"అది ద్రాక్షారసమక్కా. పరలోకంల విందు."

"మరి గక్కడ..." అని గంగమణక్క తెర కింది వైపు వేలు చూపించబోయింది.

"గంగమణీ, ఊకో. బిడ్డ సెప్పేది ఇను" అన్నాడు బాపు.

ఆమె వెంటనే చీర కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కథ విని కదిలిపోయి ఏడుస్తోందనుకున్నాను. నాకు కూడా కళ్లు చెమ్మగిల్లాయి.

యోనా ఓడ ఎక్కాడు. ఇక్కడ నా పరిస్థితి ఒకసారి ఆలోచించండి. అసలు కథలో అతను దేవుడి మాట కాదని పారిపోతున్నాడు. నా కథలో దేవుడి మాట తలదాల్చి, దేవదూతల చేత విందు కూడా చేయించుకుని బయలుదేరాడు. రెండు కథల్లోనూ తుఫాను రాక తప్పదు. వచ్చేసింది కూడా. డ్రమ్ములు దడదడలాడాయి, గిటార్లు అరిచాయి, కిటికీ దుప్పటి ఒకటి ఊడి కింద పడింది.

"యోనా మంచి పని చేయకుండా ఆపాలని సాతాను తుఫాను లేపాడు" అన్నాను.

అప్పుడు లేచింది అవ్వ. కుర్చీ చేతులు పట్టుకుని, మెల్లగా, పూర్తిగా నిలబడింది. ఆ హాల్లో చిన్నప్పుడు ఆమె ముందు చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లందరూ అసంకల్పితంగా సర్దుకున్నారు.

"యోనా ఎప్పుడు ఒప్పుకున్నడే?"

"ఇందాకనే ఒప్పుకున్నడవ్వా" అన్నాను. మైకు ఆపడం మరిచిపోయాను, నా గొంతు హాలంతా మోగింది.

"ఒప్పుకునుడెక్కడిది? ఉరికిండు. తర్షీషుకు ఉరికిండు. నేను మీ బాపుకు సెప్పిన, నీకు సెప్పిన. తుఫాను లేపింది దేవుడు. నువ్వు సాతాను అంటున్నవ్."

"ఈ నాటకంల కొంచెం మార్చిన్రవ్వా."

"మారిస్తె మార్చిన్రు. మరి యోనా గంత మంచోడైతె చేప ఎందుకు మింగాలె?"

తెర మీద సరిగ్గా అప్పుడే పెద్ద చేప నోరు తెరిచింది. హాలంతా నా వైపు చూస్తోంది. ఇంగ్లీషు, తెలుగు, బీఎడ్, ఏదీ అక్కరకు రాలేదు.

"చేపకు తెల్వదవ్వా" అన్నాను. "పొరపాటున మింగింది."

"చేపకు తెల్వకపాయె. నీకన్న తెల్వాలె గదా."

పాస్టరుగారు రుమాలు తీసి మొహమంతా కప్పుకున్నారు. కోటగిరి పెద్దాయన ఒకరు కుర్చీలో నుంచి జారి, పక్కాయన పట్టుకుంటే ఆగారు. నాకు మాత్రం తాళం వేసిన గదీ, డ్రమ్ములూ ఒక్కొక్క అడుగూ దూరం జరుగుతున్నట్టు అనిపించింది. బాపు లేచి, అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, చెవిలో ఏదో చెప్పాడు. అవ్వ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. కోపం కాదు, మీద తేలు పాకుతున్న మనిషిని చూసినట్టు జాలిగా చూసింది.

స్టేజీ మీద లైట్లన్నీ ఆరిపోయాయి. డ్రమ్ములు ఆగాయి. చేప కడుపులో యోనా ఒక్కడే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. జాకెట్టు లేదు, కళ్లద్దాలు లేవు. ఒక్క గిటారు, అది కూడా ఒక్కొక్క తీగే, చెట్టు మీది నుంచి నీటిబొట్లు రాలినట్టు. అప్పుడు ఆ మనిషి పాడాడు. ఇక్కడ చీకటిగా ఉంది, నువ్వు తప్ప ఎవరూ లేరు, నేను పారిపోయిన చోటికి కూడా నువ్వే వచ్చావు అన్నాడు.

ఆ పాటకు అబద్ధం అవసరం లేదు. ఉన్నదున్నట్టు చెబితే చాలు. చెబుదామని మైకు నోటి దాకా తెచ్చాను. హాస్టల్లో ఇంటి మీద బెంగతో దుప్పటి ముసుగులో పాడుకున్న పాట అది. దానికి మాత్రం అప్పుడు కూడా అర్థం తెలుసు. మైకు మెల్లగా ఒడిలో పెట్టేసుకున్నాను.

హాల్లో ఎవరూ దగ్గలేదు, కుర్చీ కూడా కిర్రుమనలేదు. బాపు ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించాడు. ఆయన కుడిచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. ఏం చేస్తున్నాడో కాసేపటికి గానీ నాకు తెలియలేదు. ఆ పాటను హార్మోనియం మెట్ల మీద వెతుక్కుంటున్నాడు.

పాట ఆఖరి మాట ఇంకా గాల్లో ఉండగానే డ్రమ్ములు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. చేప యోనాను ఒడ్డున కక్కింది. జనం ఉలిక్కిపడి, నవ్వి, చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు కొట్టింది అవ్వ. అక్కడి నుంచి నీనెవె దాకా, దేవుడు ఆ ఊరిని క్షమిస్తే యోనా అలిగి కూర్చునే దాకా, నేను ఒక్క మాట కల్పించలేదు. ఓపిక అయిపోయింది. కోపమొచ్చిందంటే కోపమొచ్చిందన్నాను, చచ్చిపోతే బాగుండునంటే చచ్చిపోతే బాగుండునన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో సహజత్వం బాగా పలికిందని తర్వాత చాలామంది మెచ్చుకున్నారు.

అయిపోయాక పాస్టరుగారు మైకు తీసుకుని, సువార్తమ్మ వల్ల మనం ఇవాళ ఒక్క టికెట్టు మీద రెండు కథలు చూశామని అన్నారు. హాలు దద్దరిల్లింది. నేను చేతులు జోడించి, వినయంగా తల వంచి, ఆ చప్పట్లను స్వీకరించాను. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు జివ్వుమంటాయి.

జనం లేచి వెళ్తున్నారు. తెర మీద ఇంకా నటుల పేర్లు పైకి పోతున్నాయి, వెనక పాట వస్తోంది. దుప్పటి విప్పుదామని డబ్బా చుట్టూ తిరిగి తెర ముందుకు వచ్చాను. అడుగున, తెల్లటి పెద్ద అక్షరాల్లో, తెలుగు ఉంది. చక్కగా ఒత్తులతో సహా. ఒక వరుస పోయి ఇంకో వరుస వస్తోంది.

కరుణను పిలిచి ఇవి ఎప్పుడు వచ్చాయని అడిగాను.

"మొదటి పాట నుంచే ఉన్నయి గదా" అంది.

సౌండు సరిచేస్తుంటే ఏ భాషలో కావాలంటే ఆ భాషలో రాత వచ్చే ఏర్పాటు కనబడిందట. వెనక కూర్చున్నవాళ్లకు నా మాట వినబడకపోతే చదువుకుంటారులే అని తెలుగు నొక్కిందట. మిషను చేసిన తెలుగు కాబట్టి ముతకగా ఉంది గానీ అర్థంలో ఏ లోటూ లేదు. అంటే, నీ చిత్తమే నా భాగ్యమని నేను మైకులో కరిగిపోతున్నప్పుడు తెర మీద "నన్ను వదిలిపెట్టు" అని ఉంది. నేను దేవదూతలను దింపినప్పుడు "ఇంకో గ్లాసు పోయండి, ఓడ ఆలస్యం" అని ఉంది. ఆ తర్వాత వరుసలో ఏముందో కరుణ చెప్పబోతే చెవులు మూసుకున్నాను.

"నాకు చెప్పాలె గదనే."

"మెసేజ్ పెట్టిన, నీ ఫోన్ బందున్నది. అయినా నీకు కనిపిస్తుందనే అనుకున్న. చూసుకుంట కూడా గట్ల చెప్తున్నవంటే ఏదో ఉద్దేశంతోనే చెప్తున్నవేమో అనుకున్న."

హాలంతా చదివింది. చదవనిది అవ్వ ఒక్కతే, దూరపు చూపు ఆనక. నన్ను నమ్మింది కూడా ఆమె ఒక్కతే. మరి ఇంత మందిలో ఒక్కరూ ఎందుకు నోరెత్తలేదని అడిగితే, కరుణ తలుపు వైపు చూపించింది. అక్కడ బాపు కిటికీ దుప్పట్లు మడత పెడుతున్నాడు. మొదటి అబద్ధానికే జనం నవ్వబోతే ఆయనే వెనక్కి తిరిగి వద్దని చెయ్యి చూపించాడట. గంగమణక్కను ఆపింది, అవ్వ చెవిలో ఊరుకోమని చెప్పింది అందుకేనట.

మడత పెట్టిన దుప్పట్లు పట్టుకుని బాపు, పక్కన నేను, ఇంటికి నడిచాం. దారిలో నేనే అడిగాను.

"అప్పుడే ఎందుకు సెప్పలే బాపు?"

"సెప్తె నువ్వు మైకు పారేసి ఉరుకుతుంటివి. ఆట ఆగిపోతుండె. గా చేప కడుపుల పాట నేను ఇనకపోతుంటి."

కొంచెం దూరం నడిచాక మళ్లీ ఆయనే అన్నాడు.

"డ్రమ్ము అంటే ఆగకుంట కొట్టుడే అనుకున్న బిడ్డా. అది వచ్చినంక నా హార్మోనియం పెట్టె ఎవలకు ఇనవడ్తదని భయం ఉండె. గా పాటల డ్రమ్ములోడు సేతులు ముడుసుకుని కూసున్నడు, సూసినవా? ఆగుడు తెల్సినోడు కొడితె నాకేం అడ్డం లేదు."

ఇన్నాళ్లూ బాపు పంతం పట్టాడనుకున్నాను. భయపడ్డాడని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆయన చేతిలోని దుప్పట్లు నేను తీసుకున్నాను. ఒకటి ఆయనే ఉంచుకున్నాడు.

ఈస్టర్‌కు డ్రమ్ములు మోగాయి. కొట్టడం కంటే ఆగడం మీద ఎక్కువ సాధన చేయించాడు బాపు. నాకు మాత్రం శిక్ష పడింది, వేసింది అవ్వ. పండగ దాకా ప్రతి సాయంత్రం ఆమె ముందు కూర్చుని యోనా గ్రంథం తెలుగులో పైకి చదవాలి, సొంతంగా ఒక్క అక్షరం చేర్చకుండా. చదువుతున్నంతసేపూ నా మొహమే చూస్తుండేది, ఏ మూలనుంచి దేవదూత దూకుతుందోనని. ఇక గంగమణక్క బీడీలు చేసేచోట నా కథనూ తెర కథనూ పక్కపక్కన పెట్టి చెప్పడం మొదలెట్టింది. వినడానికి వేరే వీధుల నుంచి కూడా చాటలు పట్టుకుని వచ్చేవాళ్లట. నేను కనబడితే చాలు, ద్రాక్షారసం తాగుతావా అని మర్యాదగా అడిగేవాళ్లు.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఉంటున్నాను. మొన్న వర్ని సంఘం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్లు కూడా ఆ నాటకం వేయిస్తున్నారట, తెలుగు చెప్పడానికి నేను రావాలట. తెలుగు రాత వస్తుంది కదన్నా, నేనెందుకు అన్నాను. ఆయన కొంచెం మొహమాటపడి, రాత ఎట్లాగూ ఉంటదమ్మా, మాకు నువ్వు చెప్పే తెలుగు కావాలె అన్నాడు.

అందుకే మీ అందరి ముందూ కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. చూడనిదాన్ని చూశానని జన్మలో చెప్పను. ప్రవక్తలను బాగుచేసే పని పెట్టుకోను, వాళ్లు ఎట్లా ఉన్నారో అట్లాగే ఉండనిస్తాను. మైకు ఎవరు ఇచ్చినా పుచ్చుకోను. బలవంతంగా చేతిలో పెట్టి వెళ్లిపోతే నిజమే చెబుతాను. నిజమేమిటో తెలియకపోతే, దగ్గుతాను.